అరగంట భోజనం, అరువు నేల

రైల్వే పట్టణం ఖరగ్‌పూర్‌లో తక్కువ డబ్బుతో కడుపు నింపే చోట్లకు కొదవ లేదు. అవి రేపు ఉంటాయా అన్నది మాత్రం వండేవాళ్లూ చెప్పలేరు.

మధ్యాహ్నం ఖరగ్‌పూర్‌లో ఎక్కడ తినాలో తెలియకపోతే బోర్డులు వెతకడం దండగ. సైకిళ్లను వెతకాలి. రైల్వే వర్క్‌షాపు గేట్ల బయట, గోల్ బజార్ సందుల్లో, డివిజనల్ కార్యాలయానికి వెళ్లే దారిలో ఏ రేకుల షెడ్డు ముందు సైకిళ్లు, మోటారు సైకిళ్లు ఒకదాని మీద ఒకటి ఒరిగి ఉంటాయో అక్కడ అన్నం వేడిగా ఉన్నట్టు లెక్క. ఖాళీ బెంచీలు కనబడితే అనుమానించాల్సిందే. ఈ ఊళ్లో పన్నెండున్నర, రెండు గంటల మధ్య బెంచీ ఖాళీగా ఉందంటే అది వంటవాడి మీద ఊరు ఇచ్చిన తీర్పు.

ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్‌లో హౌరా వెళ్లే తెలుగువాళ్లకు ఖరగ్‌పూర్ అంటే మరో 115 కిలోమీటర్లలో ప్రయాణం ముగుస్తుందనగా వచ్చే పెద్ద స్టేషన్. 1,072.5 మీటర్ల దాని ప్లాట్‌ఫారం ప్రపంచంలోకెల్లా పొడవైనదని బడి పిల్లలు ఏళ్ల తరబడి బట్టీపట్టారు. 2013లో గోరఖ్‌పూర్ ఆ రికార్డును లాక్కుంది. 2023లో గోరఖ్‌పూర్‌ను హుబ్బళ్లి వెనక్కి నెట్టింది. దానివల్ల ఖరగ్‌పూర్‌కు వచ్చిన నష్టమేమీ లేదు. ఎందుకంటే ఊరు బతికేది ప్లాట్‌ఫారం మీద కాదు. దాని వెనకనున్న వర్క్‌షాపు, యార్డు, డివిజనల్ కార్యాలయం, రైల్వే ఆసుపత్రి, వాటి చుట్టూ అల్లుకున్న బజార్ల మీద. పొద్దున్నే ఇంటి నుంచి బయల్దేరి ఈ నాలుగు చోట్లకూ చేరేవాళ్లలో చాలామందికి మధ్యాహ్నం ఒకటే ప్రశ్న. చేతిలో ఉన్న అరగంటలో, జేబులో ఉన్న డబ్బులకు, ఒంటికి పడే అన్నం ఎక్కడ దొరుకుతుంది?

ప్రశ్న చిన్నదే. జవాబు వెతుక్కుంటూ వెళితే మాత్రం అది పప్పుచారు దగ్గర మొదలై పార్లమెంటు చేసిన చట్టం దగ్గర తేలుతుంది.

ముందు తెలుగువాళ్ల సంగతి. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కంపెనీ 1887లో ఏర్పడింది. హౌరా, నాగ్‌పూర్, కటక్ వైపు మార్గాలు కలిసే చోటుగా ఖరగ్‌పూర్‌ను ఎంచుకుని అక్కడ జంక్షన్, కాలనీ, వర్క్‌షాపు కట్టింది. 1902లో వాల్తేరు నుంచి కటక్ దాకా ఉన్న తూర్పు తీర మార్గం కూడా ఆ కంపెనీ చేతికి వచ్చింది. అంటే శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల పల్లెలకు దగ్గరలో ఉన్న స్టేషనూ, బెంగాల్‌లో ఉన్న వర్క్‌షాపూ ఒకే యజమానివి అయ్యాయి. ఖలాసీ పనికి, కొలిమి పనికి, పట్టాల పనికి మనుషులు కావలసి వచ్చినప్పుడు రైలెక్కి వచ్చినవాళ్లలో ఉత్తరాంధ్ర జనం పెద్ద సంఖ్యలో ఉన్నారు. 1955లో ఆగ్నేయ రైల్వే ఏర్పడ్డాక కూడా వాల్తేరు డివిజన్ అందులోనే కొనసాగింది. 2003 ఏప్రిల్‌లో తూర్పు కోస్తా రైల్వే పనిచేయడం మొదలయ్యేదాకా ఆ బంధం తెగలేదు. ఉద్యోగం, బదిలీ, పెళ్లి సంబంధం అన్నీ ఒకే రైలు మార్గం మీద నడిచాయి. 1920ల చివర బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కార్మికుల సమ్మెకు నాయకత్వం వహించిన వరాహగిరి వెంకటగిరి ఆ తర్వాత రాష్ట్రపతి అయ్యారు. ఊళ్లో తెలుగు ఎంతగా పాతుకుపోయిందంటే 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం ఇక్కడ తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వడానికి నిర్ణయం తీసుకుంది.

వచ్చినవాళ్లు మొదట్లో ఒంటరిగానే వచ్చారు. క్వార్టరు దొరకాలి, పొలం పని ముగియాలి, ఇంట్లో పెద్దవాళ్లు ఒప్పుకోవాలి. అప్పటిదాకా భార్యాపిల్లలు ఊళ్లోనే. మరి వంట ఎవరు చేస్తారు? ఈ ప్రశ్నలోంచే మెస్ పుట్టింది. తమ పల్లె నుంచి వచ్చిన ఎవరో ఒకరి ఇంట్లో పదిమందికి సరిపడా వండటం, నెల జీతం రోజున లెక్క తేల్చుకోవడం. ఇప్పటికీ తెలుగు భోజనం దొరికే చోట్లలో ఆ వాసన పూర్తిగా పోలేదు. కూర్చున్నవాడిని ముందు ఏం కావాలని కాదు, ఏ ఊరని అడుగుతారు. వడ్డించే ఆవిడ తెలుగువాళ్లకు పిన్ని. అదే ఆవిడ పక్క బల్ల మీద బెంగాలీ కుర్రాడికి మాషి, బిహారీ కూలీకి చాచీ. మూడు పిలుపులకూ పలుకుతుంది, మూడు భాషల్లోనూ బాకీ గుర్తు చేస్తుంది.

కొత్తవాళ్లు తికమకపడేది ధర దగ్గర. తెలుగు భోజనం, బెంగాలీ భోజనం రెండు వేర్వేరు లెక్కల మీద నడుస్తాయి. తెలుగు మెస్‌లో మొత్తానికి ఒకటే ధర. అన్నం, పప్పు, ఒక వేపుడో కూరో, చారో సాంబారో, పచ్చడి, మజ్జిగ. అన్నం మళ్లీ అడిగితే మళ్లీ వస్తుంది. బరువు పని చేసి వచ్చినవాడికి ఇది లాభసాటి బేరం. తక్కువ తినేవాడు ఎక్కువ తినేవాడి బిల్లులో కొంత కడుతున్నాడన్నమాట. ఈ సంగతి ఇద్దరికీ తెలుసు, ఎవరూ మాట్లాడరు.

బెంగాలీ హోటల్లో లెక్క వేరు. అక్కడ ధరల పట్టీలో అన్నమే ఇంటిపేరు. సబ్జీ భాత్, డిమ్ భాత్, మాఛ్ భాత్, మాంగ్షో భాత్. అంటే కూరతో అన్నం, గుడ్డుతో అన్నం, చేపతో అన్నం, మాంసంతో అన్నం. అన్నిట్లోనూ పప్పు, ఒక కూర ఉంటాయి. పైన చేరేది ఏమిటన్నదాన్ని బట్టి ధర మారుతుంది. ఈ పద్ధతికి మూలం కోల్‌కతాలోని పైస్ హోటళ్లు. బ్రిటిష్ కాలంలో గుమాస్తాలకు, విద్యార్థులకు పైసల లెక్కన అన్నం పెట్టిన హోటళ్లవి. అరిటాకుకు విడిగా, నిమ్మచెక్కకు విడిగా ధర వేసే అలవాటు వాటిలో కొన్నిటికి ఇప్పటికీ ఉంది. పిసినారితనంగా కనిపిస్తుంది కానీ అందులో న్యాయం ఉంది. ఎవడు తిన్నది వాడే కడతాడు. జేబులో ఉన్న డబ్బులను బట్టి నెల మొదట్లో చేప, నెలాఖరున గుడ్డు, మరీ చివరికి వస్తే ఉత్త కూర. ఖరగ్‌పూర్ రైల్వే బజార్లలో నెలలో ఎన్నో తారీఖో పళ్లెం చూసి చెప్పవచ్చు.

ఈ హోటళ్లలో తినడానికి మూడు జాగ్రత్తలు చాలు. చేప అడిగే ముందు ఏ చేప, ఎంత ముక్క, ధరెంత అన్నది తేల్చుకోవాలి. రుయి ధర ఒకటి, చిన్న చేపల ధర ఒకటి, పులస జాతికే చెందిన ఇలిష్ వచ్చే వానాకాలంలో దాని ధర మరొకటి. రెండో విడత అన్నం ఉచితమా కాదా అన్నది కూర్చున్నప్పుడే అడగాలి, చెయ్యి కడుక్కున్నాక కాదు. ఇక మూడోది, వండిన వేళ చూసుకోవాలి. పన్నెండున్నరకు దిగిన అన్నం రెండున్నరకు కూడా పెడతారు. అది నేరమేమీ కాదు కానీ, మొదటి విడత తినేవాడికి దొరికిన రుచి చివరి విడత వాడికి దొరకదు. సైకిళ్ల పరీక్ష మంచిదే, గడియారం పరీక్ష ఇంకా మంచిది.

రుచి సంగతికొస్తే తెలుగు నాలుకకు మూడు అడ్డంకులు. ఒకటి ఉప్పుడు బియ్యం. మామూలు బెంగాలీ హోటల్లో సిద్ధ చాల్ అంటే ఉడికించి ఆరబెట్టి దంచిన బియ్యం అన్నమే పెడతారు. గింజ లావు, మెతుకు గట్టి. పచ్చి బియ్యం అన్నానికి అలవాటుపడినవాళ్లు రెండు రోజులు నస పెడతారు, మూడో రోజు అది ఎక్కువసేపు ఆకలి ఆపుతుందని గ్రహిస్తారు. రెండోది ఆవనూనె. మూడోది పప్పు. కందిపప్పు ఆశించినవాడికి ఇక్కడ ఎర్రటి మైసూరు పప్పు, కొన్నిచోట్ల మినప్పప్పు ఎదురవుతుంది. మినుములంటే ఇడ్లీ, గారెలకే అనుకునే మనకు సోంపు, అల్లం వేసి కాచిన మినప్పప్పు మొదట వింతగా ఉంటుంది. కానీ ఈ మేదినీపూర్, బాంకురా ప్రాంతాల్లో దానికి జోడీ ఆలూ పోస్తో, అంటే గసగసాల ముద్దతో చేసిన బంగాళాదుంప కూర. ఎండాకాలం మధ్యాహ్నానికి ఇంతకు మించిన తిండి లేదని ఇక్కడివాళ్ల గట్టి నమ్మకం. నిజం చెప్పాలంటే ఆ నమ్మకం అన్యాయమైనదేం కాదు. గసగసాల ధర మాత్రం చౌక హోటలు భరించే స్థాయి దాటిపోయింది. పోస్తో పేరుతో పళ్లెంలో పడేదాన్ని కాస్త అనుమానంగా చూడటం మంచిది.

అన్నం కూడా వద్దనుకునేవాళ్లకు మేదినీపూర్ ఇచ్చే జవాబు మూరి. మన మరమరాలే. కాకపోతే మనకది సాయంత్రపు చిరుతిండి, ఇక్కడది భోజనం. ఎండు బఠాణీలతో చేసిన ఘుగ్ని, ఒక ఆలూ చాప్, పచ్చిమిరపకాయ, ఉల్లిపాయ. గిన్నెలో మరమరాలు పోసి పైన ఘుగ్ని వేసి నాలుగు వేళ్లతో కలుపుకుంటే పదిహేను నిమిషాల్లో పని అయిపోతుంది. యార్డులో పనిచేసేవాళ్లు, ఆటో తోలేవాళ్లు, బజారులో మూటలు మోసేవాళ్లు ఎండ ముదిరిన రోజుల్లో దీన్నే ఎంచుకుంటారు. కడుపు బరువెక్కదు, నిద్ర రాదు. ఉత్తరాంధ్ర నుంచి వచ్చిన ముసలివాళ్లు మాత్రం ఎండాకాలం వస్తే తరవాణి గుర్తు చేసుకుంటారు. వాళ్ల అదృష్టం కొద్దీ ఇక్కడి పాంతా భాత్, ఒడియావాళ్ల పఖాళ రెండూ దాని దగ్గరి చుట్టాలే.

ఇక ఇడ్లీ, దోసె. కోల్‌కతాలో వాటిని దక్షిణాది తిండి అంటారు. ఖరగ్‌పూర్‌లో అలా అనరు. గోల్ బజార్ చుట్టుపక్కల బెంగాలీలు, పంజాబీలు, మార్వాడీలు పుట్టినప్పటి నుంచి తింటున్న తిండి అది. ఊరిని మినీ ఇండియా అనడం అరిగిపోయిన మాట. దాన్ని నిజం చేసింది ప్రసంగాలు కాదు, ఇలాంటి తోపుడు బండ్లే. ఒకే బెంచీ మీద ఒకరు సాంబారులో ఇడ్లీ ముంచుకుంటుంటే పక్కవాడు కచోరీ తుంచుకుంటాడు. ఊరికి అటు చివర, 1951లో హిజ్లీ నిర్బంధ శిబిరం భవనంలో మొదలైన ఐఐటీ ఉంది. అక్కడి విద్యార్థులకు హాస్టల్ మెస్‌లు, క్యాంపస్ లోపలి తిండి దుకాణాలు ఉన్నాయి. వాళ్లది వేరే లోకం. సెలవు రోజున ఆటో ఎక్కి గోల్ బజార్ దాకా వచ్చేది ఆకలి కోసం కాదు, విసుగు కోసం.

అరగంటలో తినాల్సినవాడి సంగతి వేరు. ఆ అరగంట ఎక్కడిదంటే, ఐదు గంటలకు మించి ఏకధాటిగా పని చేయించకూడదని, మధ్యలో కనీసం అరగంట విరామం ఇవ్వాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం చెప్పింది. అదే చట్టం 46వ సెక్షన్ 250 మందికి మించి కార్మికులున్న కర్మాగారంలో క్యాంటీన్ ఉండేలా నిబంధనలు చేసే అధికారం ప్రభుత్వాలకు ఇచ్చింది. రైల్వేలో చట్టబద్ధ క్యాంటీన్లన్న మాట అలా వచ్చింది. పాతతరం పర్మినెంటు కార్మికుడికి ఈ ఏర్పాటు ఉంది, లేదంటే ఇల్లు ఉంది. క్వార్టర్లు వర్క్‌షాపుకు సైకిలు దూరంలోనే. వేడన్నం తిని తిరిగి వచ్చేయవచ్చు. రైల్వే కాలనీని కట్టినవాళ్లు కార్మికుడి భోజనాన్ని కూడా లెక్కలోకి తీసుకున్నారో లేదో కానీ, దూరాలు మాత్రం అలా కుదిరాయి.

ఇప్పుడు గేటులోంచి బయటికి వచ్చేవాళ్లందరూ పర్మినెంటు కాదు. శుభ్రం చేసే పని, సామాను ఎత్తే పని, నిర్మాణం పని, కాపలా పని కాంట్రాక్టర్ల మనుషులు చేస్తున్నారు. వాళ్లకు క్వార్టరు లేదు. ఇల్లు చుట్టుపక్కల పల్లెల్లోనో, లోకల్ రైలు దూరంలోనో ఉంటుంది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వృత్తిభద్రత కోడ్ క్యాంటీన్ పరిమితిని 100 మందికి దించింది, కాంట్రాక్టు కార్మికులను కూడా ఆ లెక్కలో చేర్చింది. కాగితం మీద ఇది పెద్ద మార్పే. పళ్లెంలోకి దిగడానికి సమయం పడుతుంది. అప్పటిదాకా వాళ్ల క్యాంటీన్ గేటు బయట ఉన్న రేకుల షెడ్డే.

ప్రభుత్వాలు ఈ ఆకలిని గుర్తించలేదని కాదు. పశ్చిమ బెంగాల్‌లో 2021 ఫిబ్రవరిలో 'మా' క్యాంటీన్లు మొదలయ్యాయి. ఐదు రూపాయలకు అన్నం, పప్పు, కూర, గుడ్డు. పళ్లేనికి 15 రూపాయలు ప్రభుత్వం భరిస్తుందని అప్పుడు ప్రకటించారు. తమిళనాడు 2013లోనే అమ్మ క్యాంటీన్లతో ఈ దారి వేసింది. ఆంధ్రప్రదేశ్‌లో 2018 జులైలో అయిదు రూపాయల అన్న క్యాంటీన్లు వచ్చాయి, ప్రభుత్వం మారాక 2019లో మూతపడ్డాయి, మళ్లీ ప్రభుత్వం మారాక 2024 ఆగస్టు 15 నుంచి తెరుచుకున్నాయి. ఓటర్లు మారినప్పుడల్లా పొయ్యి ఆరి, వెలిగే పరిస్థితి. రైల్వే కూడా 2023లో జనరల్ బోగీల ప్రయాణికుల కోసం ఇరవై రూపాయల పూరీ, బంగాళాదుంప కూర పొట్లాన్ని ప్లాట్‌ఫారాల మీదకు తెచ్చింది. ఇవన్నీ మంచివే. కానీ ఐదు రూపాయల అన్నానికి వరస ఉంటుంది, పళ్లేలు నిర్ణీత సంఖ్యలోనే వస్తాయి. విరామం అరగంటే ఉన్నవాడు వరసలో ఇరవై నిమిషాలు నిలబడితే ఇక తినేదెప్పుడు? ఇరవై రూపాయల పొట్లం రైల్లో ఉన్నవాడి కోసం. రైలును బాగుచేసేవాడి కోసం కాదు.

అందుకే మళ్లీ షెడ్డు దగ్గరకే రావాలి. అక్కడ వంద రూపాయల లోపు వేడన్నం ఎలా సాధ్యమవుతోంది? బియ్యం, పప్పు, నూనె ధరలు అందరికీ ఒకటే. వ్యాపారానికి వాడే 19 కిలోల గ్యాస్ సిలిండరుకు ఇంటి సిలిండరు రాయితీలేవీ ఉండవు, దాని ధర నెలనెలా మారుతుంది. వండేది, వడ్డించేది, గిన్నెలు తోమేది ఇంటిమనుషులే కాబట్టి కూలీ ఖర్చు కనిపించదు. ఉంటుంది, కనిపించదంతే. అసలు మిగులు అద్దె దగ్గర. కోల్‌కతా ఆఫీసు పేటల్లోనో, హైదరాబాద్ అబిడ్స్‌లోనో భోజనం ధరలో గది అద్దె ఒక వాటా తింటుంది. ఖరగ్‌పూర్ షెడ్డులో ఆ వాటా తినేవాడికే మిగులుతుంది. ఎందుకంటే షెడ్డు నిలబడింది రైల్వే స్థలంలో.

ఊరి నడిబొడ్డంతా రైల్వేదే. గోల్ బజార్‌ రైల్వే కాలనీతో పాటు పెరిగిన బజారు. అక్కడ దుకాణదారు నిలబడిన నేల రైల్వేది, అనుమతి రైల్వేది. రోడ్డు పక్క బండికైతే ఆ అనుమతి కూడా ఉండదు. మిగతా దేశంలో ఇలాంటివాళ్లకు 2014 నుంచి ఒక రక్షణ ఉంది. ఆ ఏడాది పార్లమెంటు చేసిన వీధి వ్యాపారుల చట్టం సర్వే పూర్తయ్యేదాకా ఎవరినీ ఖాళీ చేయించకూడదని, పట్టణానికో వెండింగ్ కమిటీ ఉండాలని, వ్యాపారికి ధ్రువపత్రం ఇవ్వాలని చెప్పింది. అయితే అందులో మొదటి సెక్షన్‌లోనే నాలుగో ఉపవిభాగం ఒకటి ఉంది. 1989 నాటి రైల్వేల చట్టం కింద రైల్వే యాజమాన్యంలో, అధీనంలో ఉన్న భూమికి, ప్రాంగణాలకు, రైళ్లకు ఇది వర్తించదు. ఒక్క వాక్యం. మామూలు పట్టణంలో ఆ వాక్యం స్టేషన్ ఆవరణకు పరిమితం. ఖరగ్‌పూర్‌లో అది పట్టణంలో పెద్ద భాగాన్నే చట్టం బయటికి నెట్టేసింది. మున్సిపాలిటీ నేల మీద సమోసా వేయించేవాడికి హక్కులున్నాయి. రోడ్డు దాటి ఇవతల, రైల్వే నేల మీద అదే సమోసా వేయించేవాడికి లేవు. పైగా 1989 చట్టం 144వ సెక్షన్ కింద రైల్వే ప్రాంగణంలో లైసెన్సు లేకుండా అమ్మడం శిక్షార్హం. స్థలం ఖాళీ చేయించడానికి 1971 నాటి ప్రభుత్వ ప్రాంగణాల చట్టం ఉండనే ఉంది.

తక్కువ ధరకు కారణమైన నేలే భయానికీ కారణం. ఆక్రమణల తొలగింపు నోటీసు ఏ రోజైనా రావచ్చన్నప్పుడు ఎవరు మాత్రం సిమెంటు గచ్చు వేయిస్తారు? కుళాయి కనెక్షన్ ఎవరు తీసుకుంటారు, ఎవరిస్తారు? ఫ్రిజ్ కొంటే పెట్టేదెక్కడ? అందుకే చేయి కడుక్కోవడానికి డ్రమ్ము, గిన్నెలు తోమడానికి రెండు బకెట్లు, కూర్చోవడానికి మోసుకుపోగల బెంచీ. శుభ్రత గురించి కస్టమర్లు చేసే ఫిర్యాదుల్లో సగం వంటవాళ్ల బద్ధకం గురించి కావు, వాళ్ల నేల గురించి. పదిహేను నిమిషాల్లో మడిచి తీసుకుపోగలిగేదే ఇక్కడ హోటలు.

రైల్వే వాదన లేకపోలేదు. పట్టాల పక్కన, గేట్ల ముందు గ్యాస్ సిలిండర్లతో షెడ్లు ప్రమాదం. రోడ్డు ఇరుకైతే అంబులెన్స్ కదలదు. ఒకసారి ఊరుకుంటే రేపు అక్కడే గోడ లేస్తుంది, ఎల్లుండి ఓటరు కార్డు వస్తుంది. రైల్వే పని రైళ్లు నడపడం, అన్నం హోటళ్లకు స్థలం పంచడం కాదు. ఇవేవీ కొట్టిపారేయాల్సిన మాటలు కావు. కాకపోతే ఇదే రైల్వే ప్లాట్‌ఫారం మీద ప్రతి టీ స్టాలుకు లైసెన్సు ఇస్తుంది, ధర నిర్ణయిస్తుంది, తనిఖీ చేస్తుంది. 2022 నుంచి ఒక స్టేషన్, ఒక ఉత్పత్తి పథకం పేరిట స్థానిక చేతివృత్తులవాళ్లకు, చిన్న వ్యాపారులకు స్టేషన్లలోనే చిన్న స్టాళ్లు ఇస్తోంది. ప్రయాణికుడి కోసం చేతనైన పని వర్క్‌షాపు గేటు దగ్గర కార్మికుడి కోసం చేతకాదంటే నమ్మడం కష్టం. కొలిచి గీసిన పది అడుగుల స్థలం, ఒక కుళాయి, మురుగు పోయే కాలువ, ఏడాదికోసారి తిరగరాసే కాగితం. అద్దె వేసినా వండేవాళ్లు కట్టగలరు. తినేవాళ్లు పళ్లేనికి రెండు రూపాయలు ఎక్కువివ్వగలరు. అడిగినవాడు లేడు, అడగాల్సింది ఎవరినన్నదే చాలామందికి తెలియదు. మున్సిపాలిటీకి వెళితే రైల్వే భూమి అంటుంది. రైల్వేకు వెళితే 2014 చట్టం తనకు వర్తించదంటుంది. రెండూ నిజాలే.

ఈలోగా మరో చిన్న మార్పు మాత్రం ఎవరూ అడగకుండానే వచ్చింది. 2022 జులై 1 నుంచి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ సామాను మీద దేశమంతటా నిషేధం వచ్చాక థర్మోకోల్ పళ్లేలు వాడటం ఇబ్బందైంది. పక్కనే ఉన్న జంగల్‌మహల్ అడవుల్లో గిరిజన స్త్రీలు కుట్టే సాల ఆకుల విస్తళ్లకు, దొన్నెలకు గిరాకీ ఉండనే ఉంది. ఉత్తరాంధ్రవాళ్లకు అడ్డాకు విస్తరి ఎలాగో ఇక్కడివాళ్లకు ఇది అలాగ. వేడి ఘుగ్ని పడగానే ఆకు వాసన పైకి వస్తుంది. తోమే పని లేదు, నీళ్ల ఖర్చు లేదు. కుళాయి లేని హోటలుకు ఇంతకన్నా పనికొచ్చే పళ్లెం మరొకటి లేదు.

తెలుగు మెస్‌ల భవిష్యత్తు వేరే కథ. రైల్వే కొలువుల్లోకి ఉత్తరాంధ్ర నుంచి పాతరోజుల్లోలా జనం రావడం లేదు. వాల్తేరు డివిజన్ ఎప్పుడో విడిపోయింది. నియామకాలు పోటీ పరీక్షల మీద నడుస్తున్నాయి. ఇక్కడే పుట్టి పెరిగిన తెలుగు పిల్లలు బెంగాలీలో కబుర్లాడి, హిందీలో తిట్టుకుని, ఇంట్లో మాత్రం తెలుగు మాట్లాడతారు. వాళ్లకు చారన్నం కావాలంటే అమ్మ ఉంది, మెస్ అక్కర్లేదు. కాబట్టి మెస్ కూడా గిరాకీని బట్టి మారుతోంది. పప్పులో చింతపండు తగ్గింది. పళ్లెం అంచున ఆవనూనె వాసనతో ఒక వేపుడు చేరింది. రెండో బల్ల మీద మాఛ్ భాత్ అడిగేవాళ్లకు చేప కూడా వండుతున్నారు. చారు మాత్రం మారలేదు. బెంగాలీ ఖాతాదారులు దాన్ని భోజనం చివర గ్లాసులో పోయించుకుని తాగుతారు. తెలుగువాళ్లకు అది చిన్నతనంగా తోచినా, గ్లాసుకు విడిగా డబ్బు ఇచ్చే అలవాటు వాళ్లదే కాబట్టి పిన్నికి అభ్యంతరం లేదు.

రెండున్నర దాటేసరికి సైకిళ్లు పలచబడతాయి. గేటు లోపలికి వెళ్లాల్సినవాళ్లు వెళ్లిపోతారు. ఆసుపత్రిలో రోగికి తోడుగా వచ్చినవాళ్లు, రైలు తప్పినవాళ్లు, అడిగి మరీ తక్కువకు తినేవాళ్లు మిగులుతారు. వాళ్లకూ పెట్టాక, అన్నం తపేలా అడుగు తెల్లగా కనబడుతున్నప్పుడు వండినావిడ బెంచీ చివర కూర్చుని తన విస్తరి వేసుకుంటుంది. అప్పటికి చేప ముక్క మిగలదు. పప్పు, గట్టిపడిన అన్నం, ఒక పచ్చిమిరపకాయ. తినడం ముగించి బెంచీలు ఒకదాని మీద ఒకటి బోర్లించి, టార్పాలిన్ తాళ్లు విప్పి మడత పెడుతుంది. రేపు పొద్దున తొమ్మిదింటికి మళ్లీ కట్టాలి.